హక్కులు రాసి ఉన్నా అమెరికా తన పౌరుల్నే ఎలా నిర్బంధించగలిగింది?

"వాక్ స్వాతంత్ర్యం, న్యాయ విచారణ హక్కు లాంటివన్నీ అమెరికా రాజ్యాంగంలో అంత స్పష్టంగా రాసుకున్నారు కదా. మరి 1942లో జపాన్ సంతతివాళ్లను, అందులోనూ అమెరికా పౌరుల్ని, ముళ్లకంచెల వెనక ఎలా పెట్టగలిగారు? సుప్రీంకోర్టు ఏం చేసింది? వ్యక్తి స్వేచ్ఛకూ ప్రభుత్వ అధికారానికీ మధ్య ఇన్నేళ్లుగా నడుస్తున్న ఈ పోరులో చివరికి గెలిచింది ఎవరు?" అని మీరు అడిగారు. అమెరికా రాజ్యాంగ చరిత్ర బోధించడం నా వృత్తి. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమెరికా కోర్టులు స్వేచ్ఛ పక్షాన నిలబడిన సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం ప్రమాదం దాటిపోయాక వచ్చినవే. తీర్పుల్లోని గొప్ప వాక్యాలు చదివి మురిసిపోయే ముందు ఆ తీర్పు తేదీ చూడాలి, జైల్లో ఉన్న మనిషికి అప్పటికి ఎన్నేళ్లు గడిచాయో చూడాలి. మా విద్యార్థులకు నేను మొదట నేర్పేది ఇదే.

మీరు అడిగిన 1942 నుంచే మొదలుపెడదాం. హవాయిలోని పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద జపాన్ దాడి 1941 డిసెంబరు 7న జరిగింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ మీద సంతకం చేశాడు. ఆ ఉత్తర్వులో జపాన్ పేరే లేదు. సైన్యం అవసరమనుకున్న ప్రాంతాల నుంచి ఎవరినైనా పంపించేయవచ్చని మాత్రమే ఉంది. అమలులో అది పడింది పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్ల మీద. సుమారు 1,20,000 మందిని ఇళ్ల నుంచి ఖాళీ చేయించారు. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. చేత్తో మోసుకెళ్లగలిగినంత సామాను మాత్రమే తెచ్చుకోమన్నారు. పొలాలు, దుకాణాలు, పడవలు అయినకాడికి అమ్ముకోవాల్సి వచ్చింది. ముందు గుర్రప్పందేల మైదానాల్లో, సంత మైదానాల్లో ఉంచి, తర్వాత మాంజనార్, తూలే లేక్, హార్ట్ మౌంటెన్ లాంటి పది శిబిరాలకు తరలించారు. ఒక్కరి మీదా విడిగా ఆరోపణ లేదు, విచారణ లేదు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. బాంబులు పడింది హవాయిలో. అక్కడి జనాభాలో మూడో వంతుకు పైగా జపాన్ సంతతివాళ్లే. అయినా అక్కడ ఇలా మూకుమ్మడిగా తరలించలేదు, ఎందుకంటే వాళ్లు లేకపోతే ఆ దీవుల్లో పనులే నడవవు. సంఖ్య తక్కువగా ఉండి, తీసేసినా ఎవరికీ ఇబ్బంది లేని చోట, పైగా వాళ్ల భూముల మీద కన్నేసినవాళ్లు ఉన్న కాలిఫోర్నియాలో మాత్రం 'సైనిక అవసరం' తప్పనిసరి అయింది. ఆ 'అవసరం' అనే మాటను నేను నమ్మకపోవడానికి ఇదే పెద్ద కారణం.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టిన ఫ్రెడ్ కొరెమాట్సు అనే వెల్డర్ ఇల్లు వదిలి వెళ్లడానికి నిరాకరించాడు. 1942 మేలో అరెస్టు చేశారు. ఆయన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1944 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. 6-3 మెజారిటీతో కోర్టు ప్రభుత్వం వైపే నిలిచింది. మెజారిటీ తీర్పు రాసింది హ్యూగో బ్లాక్. వాక్ స్వాతంత్ర్యం విషయంలో ఆ కోర్టులో ఆయనంత పట్టుదల ఉన్న జడ్జి మరొకరు లేరని ఈ రోజుకీ చెప్పుకుంటాం. అలాంటి మనిషే యుద్ధకాలంలో సైన్యం మాటకు ఎదురుచెప్పలేకపోయాడు.

వ్యతిరేకించిన ముగ్గురిలో రాబర్ట్ జాక్సన్ రాసింది తప్పకుండా చదవాలి. సైన్యం ఇచ్చే ఉత్తర్వు ఎంత అన్యాయమైనదైనా యుద్ధంతో పాటే పోతుంది. కానీ కోర్టు దాన్ని రాజ్యాంగబద్ధమని సమర్థిస్తే ఆ సూత్రం గుండు నింపిన తుపాకీలా అక్కడే పడి ఉంటుందని, అత్యవసరం అని నమ్మకంగా చెప్పగలిగే ఏ అధికారి అయినా దాన్ని అందుకోవచ్చని ఆయన హెచ్చరించాడు.

అదే రోజు ఇంకో తీర్పు వచ్చింది, దాని గురించి చాలామందికి తెలియదు. మిత్సుయే ఎండో కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వంలో పనిచేసిన అమ్మాయి. 1942 జులైలో ఆమె తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే ఈ నిర్బంధం చట్టబద్ధమేనా అని కోర్టు తేల్చాలని కోరే పిటిషన్, వేశారు. కేసు నడుస్తుండగా, పశ్చిమ తీరానికి తిరిగి వెళ్లనంటే వదిలేస్తామని ప్రభుత్వం ఆమెకు ఆశ చూపింది. ఒప్పుకుంటే ఆమె అప్పుడే బయటపడేది, కానీ కేసు చచ్చిపోయేది. ఒప్పుకోలేదు. తీర్పు వచ్చేదాకా శిబిరంలోనే ఉండిపోయింది. విధేయురాలని ప్రభుత్వమే ఒప్పుకున్న పౌరురాలిని నిర్బంధించే అధికారం లేదని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఇన్నేళ్లుగా ఈ చరిత్ర చెబుతున్నాను, ఆమె దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది. ఆ తీర్పుకు సరిగ్గా ముందురోజు, అంటే డిసెంబరు 17న, జపాన్ సంతతివాళ్లు పశ్చిమ తీరంలో ఉండకూడదన్న నిషేధాన్ని సైన్యం తనంతట తానే ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది.

కొరెమాట్సు కథ అక్కడితో ఆగలేదు. 1980ల మొదట్లో పాత ఫైళ్లు వెతికిన పరిశోధకులకు, తీరం నుంచి శత్రు నౌకలకు సిగ్నళ్లు వెళ్తున్నాయన్న ఆరోపణను ప్రభుత్వ సంస్థలే అప్పట్లో కొట్టిపారేశాయని చూపించే పత్రాలు దొరికాయి. ప్రభుత్వ న్యాయవాదులు ఆ సంగతి సుప్రీంకోర్టుకు చెప్పలేదు. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ జడ్జి మెరిలిన్ హాల్ పటేల్ ఆయన శిక్షను రద్దు చేసింది. 1988లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చట్టం చేసి, బతికున్న బాధితులకు తలా 20,000 డాలర్లు, క్షమాపణ ఇచ్చింది. 2011లో తాత్కాలిక సొలిసిటర్ జనరల్‌గా ఉన్న భారతీయ మూలాల నీల్ కత్యాల్, తన కార్యాలయం నాడు కోర్టు దగ్గర నిజం దాచిందని బహిరంగంగా ఒప్పుకున్నాడు. కొరెమాట్సు తీర్పు వెలువడిన రోజే తప్పు అని సుప్రీంకోర్టు నోటి నుంచి మాట వచ్చింది 2018లో, అంటే 74 ఏళ్ల తర్వాత. అదీ ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని దేశాల ప్రజల రాకపై ట్రంప్ పెట్టిన ఆంక్షల్ని సమర్థించిన తీర్పులో వచ్చింది! ఆ తీర్పును వ్యతిరేకించిన జడ్జి సోనియా సోటోమయోర్ ఈ వైరుధ్యాన్ని గట్టిగానే ఎత్తిచూపింది.

ఇదొక్కటే ఇలా జరిగి ఉంటే యుద్ధకాలపు పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. వెనక్కి వెళ్తే ఇదే వరస కనిపిస్తుంది. 1791లో హక్కుల చట్టం, అంటే మొదటి పది సవరణలు, అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లు తిరక్కముందే, 1798లో ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తుందన్న భయంతో ప్రభుత్వాన్ని, అధ్యక్షుణ్ణి దురుద్దేశంతో విమర్శించడాన్ని నేరం చేస్తూ సెడిషన్ చట్టం తెచ్చారు. వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్‌ను అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌పై విమర్శలకు 4 నెలలు జైల్లో పెట్టారు. జనం ఆయన్ని జైల్లో ఉండగానే మళ్లీ గెలిపించారు. ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు ఎన్నడూ కొట్టేయలేదు. 1801లో గడువు తీరి పోయింది. అది చెల్లదన్న మాట కోర్టు తీర్పులో కనిపించేది 1964లో, అదీ వేరే కేసు మధ్యలో.

బానిసత్వం కోసం దక్షిణాది రాష్ట్రాలు విడిపోవడంతో వచ్చిన అంతర్యుద్ధం సంగతి ఇంకా చిక్కైనది. ఇక్కడ ప్రభుత్వం వైపు కూడా బలమైన న్యాయం ఉంది. 1861 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరం చుట్టూ పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి. ఒకపక్క వర్జీనియా విడిపోతోంది, మరోపక్క మేరీల్యాండ్‌లో అల్లరిమూకలు సైనికులపై దాడి చేశాయి, రైలు వంతెనలు తగలబడ్డాయి. కాంగ్రెస్ సమావేశాల్లో లేదు. లింకన్ ఫిలడెల్ఫియా నుంచి వాషింగ్టన్ వరకూ సైనిక మార్గం వెంబడి హెబియస్ కార్పస్‌ను నిలిపివేయడానికి అనుమతించాడు. తిరుగుబాటు, దండయాత్ర సమయంలో నిలిపివేయవచ్చని రాజ్యాంగంలోనే ఉంది. కానీ ఎవరు నిలపాలో చెప్పలేదు. ఆ వాక్యం ఉన్నది కాంగ్రెస్ అధికారాల గురించి చెప్పే మొదటి అధికరణంలో.

మేరీల్యాండ్‌కు చెందిన జాన్ మెరీమన్‌ను సైన్యం అరెస్టు చేసి మెక్‌హెన్రీ కోటలో పెట్టింది. ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, నిలిపివేసే అధికారం కాంగ్రెస్‌దే తప్ప అధ్యక్షుడిది కాదని తీర్పిచ్చాడు. లింకన్ దాన్ని పాటించలేదు. ఆ ఒక్క చట్టాన్ని కాపాడటం కోసం మిగతా చట్టాలన్నీ అమలు కాకుండా పోయి, ప్రభుత్వమే ముక్కలైపోవాలా అని జులై 4న కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో అడిగాడు. చట్టం చదివితే టానీ వాదనే సరైనదని నాకనిపిస్తుంది. కానీ ఇదే టానీ, నల్లజాతివాళ్లు అమెరికా పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో రాసిన మనిషి. మెరీమన్ స్వేచ్ఛ గురించి అంత బాధపడిన ఆ కలం, లక్షలమంది బానిసల స్వేచ్ఛ దగ్గర ఏమాత్రం వణకలేదు. లింకన్ చేతిలోని ఆ 'అతి' అధికారమే చివరికి బానిసత్వాన్ని అంతం చేసింది. స్వేచ్ఛ ఒక పక్కన, ప్రభుత్వం ఇంకో పక్కన అని గీత గీసి చదవడం ఇక్కడ కుదరదు.

యుద్ధం ముగిశాక, 1866లో, మిలిగన్ కేసులో సుప్రీంకోర్టు సివిల్ కోర్టులు పనిచేస్తున్న చోట పౌరుల్ని సైనిక న్యాయస్థానంలో విచారించకూడదని చెప్పింది. రాసింది లింకన్‌కు ఆప్తమిత్రుడైన డేవిడ్ డేవిస్. యుద్ధం జరుగుతున్నప్పుడు ఈ ప్రశ్నను ప్రశాంతంగా ఆలోచించే వాతావరణం లేదని ఆ తీర్పులోనే ఒప్పుకున్నాడు. కానీ ఆ ప్రశాంతత లేనప్పుడే కదా పౌరుడికి కోర్టు అవసరం! అక్షరాలా అదే కథ హవాయిలో మళ్లీ జరిగింది. 1941 నుంచి 1944 దాకా అక్కడ మార్షల్ లా, అంటే సైనిక పాలన, నడిచింది. పౌరుల కేసుల్ని కూడా సైనిక కోర్టులు విచారించాయి. అది చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు 1946లో వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో యూజీన్ డెబ్స్ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. సోషలిస్టు నాయకుడు, నాలుగుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేసినవాడు. 1918 జూన్‌లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో యుద్ధాన్ని విమర్శిస్తూ ప్రసంగించాడు. ఎవరినీ సైన్యంలో చేరొద్దని నేరుగా అనలేదు. అయినా 1917 నాటి ఎస్పియనేజ్ (గూఢచర్య) చట్టం కింద 10 ఏళ్ల శిక్ష పడింది. 1919లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సమర్థించింది, రాసింది ఒలివర్ వెండెల్ హోమ్స్. దాని ముందువారమే షెంక్ కేసులో 'స్పష్టమైన, తక్షణ ప్రమాదం' ఉంటే మాటను శిక్షించవచ్చన్న సూత్రాన్ని కూడా ఆయనే పెట్టాడు. అదే ఏడాది నవంబరుకల్లా ఆబ్రమ్స్ కేసులో హోమ్స్ మనసు మారింది. ఆలోచనల మధ్య స్వేచ్ఛగా పోటీ జరగనివ్వాలని అసమ్మతి తీర్పు రాశాడు. విమర్శకుల వ్యాసాలు, మిత్రుల ఉత్తరాలు ఆయన్ని అలా కదిలించాయి. ఆ అసమ్మతిలోని ఆలోచనకు సుప్రీంకోర్టు నియమంగా పూర్తి రూపం ఇవ్వడానికి 1969 దాకా, బ్రాండెన్‌బర్గ్ కేసు దాకా, పట్టింది. హింసకు, చట్ట ఉల్లంఘనకు అప్పటికప్పుడే దారితీసేలా రెచ్చగొడితే తప్ప మాటను శిక్షించకూడదని ఇప్పుడున్న నియమం అక్కడిది. డెబ్స్ మాత్రం 1920 ఎన్నికల్లో అట్లాంటా జైలు నుంచే పోటీచేసి 9 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. ఆయన్ని విడిపించింది కోర్టు కాదు. 1921 క్రిస్మస్‌కు అధ్యక్షుడు హార్డింగ్ శిక్ష తగ్గించి వదిలేశాడు.

మీ ప్రశ్నలో 'ప్రభుత్వం' అని ఏకవచనంలో రాశారు. అమెరికాలో ప్రభుత్వాలు రెండు, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఒకటి, రాష్ట్ర ప్రభుత్వం ఒకటి. ఇది పట్టుకోకపోతే సగం చరిత్ర అర్థం కాదు. మొదటి సవరణ 'కాంగ్రెస్' అన్న మాటతో మొదలవుతుంది. హక్కుల చట్టం ఫెడరల్ ప్రభుత్వాన్నే కట్టడి చేస్తుంది, రాష్ట్రాలను కాదని 1833లో బ్యారన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే రాష్ట్ర ప్రభుత్వం నోరు నొక్కితే ఆ సవరణ మనకు పనికిరాదు. 1868లో వచ్చిన 14వ సవరణ దీన్ని మార్చడానికే వచ్చింది. కానీ కోర్టు దాన్ని చాలాకాలం సంకుచితంగానే చదివింది. 1873లో లూయిజియానాలోని కోల్‌ఫాక్స్‌లో తెల్లవాళ్ల సాయుధ మూక పదుల సంఖ్యలో నల్లజాతివాళ్లను చంపింది. ఫెడరల్ ప్రభుత్వం కేసు పెట్టి కొందరికి శిక్ష వేయించింది. 1876లో సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేస్తూ, 14వ సవరణ రాష్ట్రాలకు వర్తిస్తుందే తప్ప ప్రైవేటు వ్యక్తులకు కాదంది. ఫెడరల్ అధికారానికి హద్దు గీసినట్టే గీసి, దక్షిణాది నల్లజాతివాళ్లను దాదాపు తొంభై ఏళ్లు రాష్ట్రాల దయకు వదిలేసింది. 1957లో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో, అప్పటిదాకా తెల్లవాళ్లకే పరిమితమైన బడిలో చేరబోయిన తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల్ని గుమ్మం దగ్గర ఆపడానికి గవర్నరు రాష్ట్ర సైనిక దళమైన నేషనల్ గార్డును పెడితే, వాళ్లను లోపలికి తీసుకెళ్లడానికి అధ్యక్షుడు ఐజన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికుల్ని పంపాల్సి వచ్చింది. ఆ పిల్లల దృష్టిలో స్వేచ్ఛ ఏ దిక్కు నుంచి వచ్చింది? వాషింగ్టన్ నుంచి, బాయ్‌నెట్లు పట్టుకున్న సైనికుల రూపంలో. 'ప్రభుత్వం ఎంత చిన్నగా ఉంటే స్వేచ్ఛ అంత పెద్దది' అనే వాదనను నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఆ తొమ్మిది మంది.

మనవాళ్లకు నేరుగా తగిలిన కేసు కూడా ఒకటుంది. భగత్ సింగ్ థింద్ పంజాబీ సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1923లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, సామాన్యుల వాడుకలో భారతీయుడు 'తెల్లవాడు' కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడంది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి కూడా తిరిగి లాక్కోవడం మొదలైంది. పౌరసత్వం పోతే కాలిఫోర్నియాలో పొలం కూడా ఉంచుకోలేని చట్టాలున్న రోజులవి. భారతీయులు అమెరికా పౌరులయ్యే వీలు 1946లో చట్టం ద్వారా వచ్చింది. 1965 వలస చట్టం దేశాలవారీ పాత కోటాల్ని తీసేసింది కాబట్టే ఈ రోజు డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి. ఆ రెండు తలుపులూ తెరిచింది కాంగ్రెస్, కోర్టు కాదు.

కోర్టు సమయానికి వచ్చిన సందర్భాలు అసలు లేవా? ఉన్నాయి, అవి చాలా విలువైనవి. 1940లో, జెండాకు వందనం తమ మతానికి విరుద్ధమని నమ్మే జెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ పిల్లలు కూడా బడిలో జెండాకు వందనం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 8-1 తేడాతో చెప్పింది. ఆ తర్వాత ఆ మతస్థుల మీద దేశమంతటా దాడులు జరిగాయి. మూడేళ్లకే, 1943 జూన్ 14న, యుద్ధం ఉధృతంగా ఉన్నప్పుడే, బార్నెట్ కేసులో కోర్టు తన తీర్పును తానే తిరగరాసింది. ఏది సరైన అభిప్రాయమో ఏ అధికారీ, చిన్నవాడైనా పెద్దవాడైనా, పౌరులకు నిర్ణయించి చెప్పకూడదని జాక్సన్ రాసిన వాక్యం అందులోదే. జనగణమన పాడనందుకు కేరళలో బడి నుంచి తీసేసిన ముగ్గురు పిల్లల కేసులో 1986లో తీర్పు రాసిన మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి ఈ అమెరికా తీర్పులను చర్చించి, పిల్లల పక్షానే నిలిచాడు.

1952లో కొరియా యుద్ధం నడుస్తుండగా, సమ్మె వల్ల ఆయుధాల తయారీ ఆగిపోతుందని అధ్యక్షుడు ట్రూమన్ దేశంలోని ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకున్నాడు. రెండు నెలలు తిరక్కముందే సుప్రీంకోర్టు 6-3 తేడాతో అది చెల్లదంది, ట్రూమన్ తలవంచాడు. మెజారిటీ తీర్పు రాసింది కొరెమాట్సు తీర్పు రాసిన అదే హ్యూగో బ్లాక్! ఉక్కు మిల్లుల విషయంలో అధ్యక్షుడికి కాంగ్రెస్ ఇచ్చిన అనుమతి లేదు, 1942లో ఉంది. ఇది చట్టపరమైన తేడా, నిజమైన తేడా. కానీ ఉక్కు కంపెనీల యజమానులను దేశంలో ఎవరూ శత్రువుల్లా చూడలేదన్నది కూడా అంతే నిజం. జనం అసహ్యించుకునే వర్గం కోర్టు మెట్లెక్కినప్పుడు ఆలస్యం జరిగినంతగా మిగతావాళ్ల విషయంలో జరగలేదు.

2001 తర్వాత జరిగింది మీకు కొంత గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరు 11 దాడుల తర్వాత ప్రభుత్వ నిఘా అధికారాల్ని పెంచిన పేట్రియట్ చట్టానికి సెనేట్‌లో వ్యతిరేకంగా ఓటేసింది ఒక్కరే, విస్కాన్సిన్ సెనేటర్ రస్ ఫైన్‌గోల్డ్. ఉగ్రవాదులన్న అనుమానంతో పట్టుకున్నవాళ్లను ఉంచిన, క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోకు మొదటి ఖైదీలు 2002 జనవరిలో వచ్చారు. వాళ్లకు హెబియస్ కార్పస్ హక్కు రాజ్యాంగం ప్రకారమే ఉందని 2008లో కోర్టు 5-4 తేడాతో చెప్పింది. ఆరేళ్లు పట్టినా, మిలిగన్, కొరెమాట్సు కాలాలతో పోలిస్తే ప్రమాద భావన ఇంకా ఉండగానే వచ్చిన తీర్పు కాబట్టి దీన్ని నేను చిన్నదిగా చూడను. ప్రభుత్వం ఫోన్ కాల్ రికార్డులను మూకుమ్మడిగా సేకరిస్తున్న సంగతి మాత్రం 2013లో నిఘా సంస్థ కాంట్రాక్టు ఉద్యోగి స్నోడెన్ రహస్య పత్రాలు బయటపెట్టేదాకా జనానికి ఆధారాలతో తెలియలేదు. రహస్యంగా జరిగేదాన్ని కోర్టులో సవాలు చేయడానికి ఎవరికీ ఆధారమే దొరకదు. ఇప్పుడున్న ప్రమాదాల్లో ఇదే పెద్దదని నా ఉద్దేశం.

ఎవరు గెలిచారని అడిగారు కదా. ఒక్కో సందర్భంలో అప్పటికప్పుడు గెలిచింది ఎక్కువగా ప్రభుత్వమే. తర్వాత గెలిచింది సూత్రం. మధ్యలో పోయిన ఏళ్లు ఎవరికీ తిరిగి రాలేదు. అయినా ఆ సూత్రం గెలవడానికి ఎవరో ఒకరు ఓడిపోయే కేసును వేసి ఉండాలి, ఎవరో ఒక జడ్జి ఓడిపోయే తీర్పును రాసి ఉండాలి. ఎండో బయటికి వచ్చేసి ఉంటే, కొరెమాట్సు తల వంచుకుని బస్సెక్కి ఉంటే, 1983లో తెరవడానికి ఫైలే ఉండేది కాదు.

మూల తీర్పులే చదవాలనుకుంటే రాబర్ట్ జాక్సన్‌తో మొదలుపెట్టండి. బార్నెట్ మెజారిటీ తీర్పు, కొరెమాట్సులో ఆయన అసమ్మతి, ఉక్కు మిల్లుల కేసులో ఆయన విడిగా రాసిన అభిప్రాయం, ఈ మూడూ ఇదే వరుసలో చదవండి. మూడో దానిలో అధ్యక్షుడి అధికారాన్ని కాంగ్రెస్ ఒప్పుకున్నప్పుడు, మౌనంగా ఉన్నప్పుడు, కాదన్నప్పుడు అని మూడు స్థాయులుగా విడగొట్టాడు. ఈ రోజుకీ ఫెడరల్ కోర్టుల్లో అధ్యక్షుడి ఉత్తర్వు మీద వాదన జరిగితే ఇరుపక్షాల లాయర్లూ ముందుగా తీసేది ఆ పేజీలే. చదివాక ఎక్కడైనా సందేహం వస్తే పేరాతో సహా అడగండి, తప్పకుండా రాస్తాను.